సర్జరీ పీజీ నుంచి ప్రొఫెసర్ దాకా: చెయ్యీ, లెక్కా రెండూ నేర్చుకునే దారి

మా యూనిట్‌లో కొత్తగా చేరిన పీజీని మొదటి వారంలో నేను అడిగే ప్రశ్న ఒకటుంది. "నిన్న డిశ్చార్జి అయిన హెర్నియా తాత ఫోన్ నంబరు నీ దగ్గరుందా?" ఇంతవరకు ఒక్కరూ ఉందనలేదు. అపెండిక్స్‌కు ఎన్ని రకాల కోతలున్నాయో గడగడా చెప్తారు, టాటూ వేయించుకున్నట్టు గుర్తుంటాయి. తాత ఇంటికెళ్లాక పుండు మానిందా, చీము పట్టిందా అంటే మాత్రం తెలీదు.

అకడమిక్ సర్జన్ అంటే ఏదో ల్యాబులో ఎలుకల మధ్య సగం రోజు గడిపే మనిషి అనుకుంటారు చాలామంది. అలాంటివాళ్లూ ఉన్నారు. మన ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో మాత్రం ఆ మాటకు అర్థం వేరు: ఆపరేషన్ చేస్తాడు, పీజీలకు నేర్పుతాడు, తను చేసిన పనికి ఏం ఫలితం వచ్చిందో లెక్క రాసి నలుగురి ముందు పెడతాడు. ఈ మూడోది ప్రమోషన్ దగ్గర పడ్డాక మొదలెట్టే పని కాదు. చేరిన మొదటి నెలలోనే మొదలవ్వాలి. ఎలాగో వరసగా చెప్తాను.

1. ముందు ఏళ్ల లెక్క వేసుకోండి

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది. ఎంఎస్ జనరల్ సర్జరీ 3 ఏళ్లు. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి ఆ తర్వాత కనీసం ఏడాది సీనియర్ రెసిడెన్సీ. సూపర్ స్పెషాలిటీకి వెళ్తే ఎంసీహెచ్ మరో 3 ఏళ్లు. 18 ఏళ్లకు మొదలుపెట్టినవాడు ఎక్కడా ఆగకుండా నడిచినా ఎంసీహెచ్ చేతికొచ్చేసరికి 30 దాటుతుంది. నీట్ పీజీకి ఒకటి రెండేళ్లు కోచింగ్‌లో కూర్చోవడం ఇప్పుడు మామూలే కాబట్టి ఇంకో రెండు కలపండి. ఇంట్లో పెళ్లి మాటలు, ఇంటి అప్పు మాటలు అన్నీ ఈ ఏళ్లలోనే వస్తాయి. ఈ లెక్కను అమ్మానాన్నల ముందు కూడా ఒకసారి వేసి చూపించండి, తర్వాత గొడవలు తగ్గుతాయి.

ఎంబీబీఎస్‌లో ఉండగానే రుచి చూడాలంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. 1979 నుంచి నడుస్తోంది. రెండు నెలల చిన్న ప్రాజెక్టు, ఒక గైడ్, చివర్న రిపోర్టు. ఆ రెండు నెలల్లో మీకు విసుగు పుట్టిందంటే అదీ తెలుసుకోదగ్గ విషయమే.

2. సీటు ఎంచుకునేటప్పుడు ఆపరేషన్ థియేటర్ (ఓటీ) ఒక్కటే చూడొద్దు

ఎంఎస్ సీటుకు రెండు తలుపులు. ఒకటి నీట్ పీజీ: ప్రభుత్వ కాలేజీల సీట్లలో సగం ఆలిండియా కోటాకు, సగం రాష్ట్రానికి. రెండోది ఐఎన్‌ఐ సెట్: ఎయిమ్స్, జిప్‌మర్, చండీగఢ్ పీజీఐలాంటి జాతీయ సంస్థలకు, ఏడాదికి రెండుసార్లు. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు వచ్చాక ఈ రెండో తలుపు మన గుమ్మం దగ్గరికే వచ్చింది.

కౌన్సెలింగ్ రోజు సీనియర్లను అందరూ అడిగేది ఒకటే: "అన్నా, చేతికి కేసులిస్తారా?" న్యాయమైన ప్రశ్నే. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్‌లాంటి చోట్ల కేసులకు కొదవ లేదు. దాంతోపాటు ఇంకో మూడు అడగండి. మెడికల్ రికార్డ్స్ గదిలో రెండేళ్ల కిందటి కేస్ షీట్ అడిగితే దొరుకుతుందా? పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఎన్నాళ్లకోసారి కూర్చుంటుంది? కాలేజీలో ఎంఆర్‌యూ, అంటే కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం సాయంతో నడిచే మల్టీ డిసిప్లినరీ రీసెర్చ్ యూనిట్ ఉందా? ఈ మూడింటికీ సరైన జవాబులొచ్చిన కాలేజీలో పేరు కాస్త తక్కువైనా చేరొచ్చని నా అభిప్రాయం. చదువయ్యాక ప్రభుత్వ సేవ చేస్తామని రాసిచ్చే బాండ్ షరతులు మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చదవండి, సీనియర్ మాట నమ్మొద్దు, ఆయన చేరినప్పటికి ఇప్పటికి మారి ఉంటాయి.

3. మొదటి ఏడాది: చెయ్యి, లాగ్‌బుక్

మొదటి ఏడాది పరిశోధన గురించి పెద్దగా ఆలోచించే ఓపిక ఉండదు. అడ్మిషన్ డే, అంటే మీ యూనిట్ అత్యవసర కేసులు చేర్చుకునే రోజున, పొద్దున 8కి క్యాజువాల్టీలో అడుగుపెడితే మర్నాడు మధ్యాహ్నం రౌండ్స్ అయ్యేదాకా పక్క చూడరు. రక్తం శాంపిల్ మోసేదీ మీరే, స్కాన్‌కు స్ట్రెచర్ తోసేదీ మీరే. ఈ కాలంలో రెండే పనులు చేయండి.

ఒకటి, కుట్టు ముడులు. హాస్టల్ గదిలో కుర్చీ కోడుకు దారం కట్టి, ఫోన్లో పాటలు పెట్టుకుని, చూడకుండా వేసేదాకా వేయండి. ల్యాపరోస్కోపీకి బాక్స్ ట్రైనర్ కాలేజీలో ఉంటే సరే, లేకపోతే అట్టపెట్టె, ఫోన్ కెమెరాతో చేసుకున్న పీజీలను చూశాను.

రెండు, లాగ్‌బుక్. ప్రతి కేసు పక్కన చూశానా, అసిస్ట్ చేశానా, సీనియర్ పక్కనుండగా చేశానా, సొంతంగా చేశానా అని నాలుగు గుర్తులు పెట్టాలి. చాలామంది దీన్ని పరీక్షకు వారం ముందు ఒక్క రాత్రిలో, ఒకే పెన్నుతో నింపుతారు. ఎగ్జామినర్‌కు అది చూడగానే తెలిసిపోతుంది, నవ్వుకుని వదిలేస్తాడు. కానీ నష్టపోయేది మీరు. ఆ నాలుగు గుర్తుల పక్కన మీరే ఇంకో రెండు గళ్లు గీసుకోండి: 30వ రోజున పుండు ఎలా ఉంది, పేషెంటు నంబరేంటి. మూడేళ్లకు మీ చేతి పనికి మీ దగ్గరే ఒక లెక్క ఉంటుంది. నా మొదటి 20 హెర్నియాలకు, తర్వాతి 20కి తేడా ఎంతో చెప్పగల పీజీ ఏ ఇంటర్వ్యూ బోర్డులోనైనా వేరుగా కనిపిస్తాడు.

4. థీసిస్: ఇక్కడే ఆగి ఆలోచించండి

ఎంఎస్ పరీక్షకు ఆరు నెలల ముందు థీసిస్ ఇచ్చేయాలి. 36 నెలల్లో ఆ 6 పోతే 30. ప్రోటోకాల్ రాయడం, ఎథిక్స్ కమిటీ దాటడం ఇంకో 6. లెక్కలు వేసి, రాసి, బైండింగ్ చేయించి, సంతకాల కోసం తిరగడానికి ఇంకో 4, 5 పక్కనపెట్టండి. కేసులు చేర్చుకోవడానికి మిగిలేది 18, 20 నెలలు. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) పెట్టిన మూడు నెలల జిల్లా రెసిడెన్సీ, అంటే జిల్లా ఆసుపత్రిలో పనిచేయడం, కూడా ఇందులోనే పడొచ్చు. ఆ మూడు నెలలు మీ కేసులెవరు చూస్తారో ముందే మాట్లాడుకోండి.

సీనియర్ థీసిస్ తీసుకుని ఊరు పేరు, ఏడాది మార్చి ఇవ్వడం మన దగ్గర పాత జబ్బు. "ఏ స్టడీ ఆన్..." అని మొదలై "...ఇన్ ఏ టెర్షరీ కేర్ హాస్పిటల్" అని ముగిసే శీర్షికలు లైబ్రరీ అల్మరాల్లో వందలున్నాయి. వాటి మధ్యలో ప్రశ్న ఉండదు. మీది అలా కాకూడదనుకుంటే ప్రశ్న కోసం లైబ్రరీకి కాదు, డ్రెస్సింగ్ రూముకు వెళ్లండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అల్సర్ పగిలి, పొట్ట గట్టిపడి, అర్ధరాత్రి వచ్చే పెర్ఫరేషన్ కేసు. కడిగి, ప్యాచ్ వేసి, మూసేస్తాం. అయిదో రోజు డ్రెస్సింగ్ విప్పితే గాజుగుడ్డ తడి. "మళ్లీ చీము" అని సిస్టర్ నిట్టూర్పు. ఇక్కడ ప్రశ్న ఏంటి? "పెర్ఫరేషన్ కేసుల అధ్యయనం" ప్రశ్న కాదు. "మా ఆసుపత్రిలో అత్యవసరంగా పొట్ట తెరిచిన పెర్ఫరేషన్ రోగుల్లో 30 రోజుల్లోపు ఎంతమందికి కోతలో చీము పడుతోంది, నొప్పి మొదలైన ఎన్ని గంటలకు వచ్చారన్నదానికీ దీనికీ సంబంధం ఉందా?" ఇది ప్రశ్న. ఎవరు, ఏం చూస్తున్నాం, ఎప్పటిదాకా అన్నీ ఇందులో ఉన్నాయి.

ఇప్పుడు ఎంతమంది కావాలి? ఎంతమందిలో చీము పడుతుందో కొలవడమే లక్ష్యమైతే పీజీలందరూ వాడే 4పీక్యూ సూత్రం చాలు (పీ అంటే చీము పడేవాళ్ల శాతం, క్యూ అంటే మిగతావాళ్ల శాతం). 30 శాతం ఉండొచ్చని, పది శాతం అటూ ఇటూ ఫర్వాలేదని అనుకుంటే: 4 × 30 × 70 భాగించు 100 (ఆ పదిని పదితో గుణిస్తే వచ్చేది). అంటే 84 మంది. ఆలస్యానికి, చీముకు సంబంధం గట్టిగా తేల్చాలంటే ఇంకా ఎక్కువే కావాలి, 84తో ఆ రెండో సగం ఒక సూచనగా మాత్రమే నిలుస్తుంది, థీసిస్‌లో ఆ మాట దాచకుండా రాయండి. అదే, ఒక కొత్త పద్ధతితో చీమును 30 నుంచి 15 శాతానికి తగ్గించగలమని నిరూపించాలనుకోండి. 80 శాతం పవర్ (ఉన్న తేడాను పట్టుకోగల అవకాశం), 5 శాతం తప్పు పరిమితితో (లేని తేడా ఉందనుకునే అవకాశం) ఒక్కో వైపు దాదాపు 120, మొత్తం 240 మంది కావాలి. మీ యూనిట్‌కు నెలకు నాలుగు పెర్ఫరేషన్లు వస్తాయనుకుంటే 18 నెలల్లో 72. పక్క యూనిట్ చీఫ్‌ను ఒప్పిస్తే 144. కాబట్టి మొదటి ప్రశ్న మీరు చేయగలరు, రెండోది చేయలేరు. కాగితం మీద ఇంత లెక్క పది నిమిషాల పని. ఈ పది నిమిషాలు పెట్టక, 30 మంది ఇటు 30 మంది అటు వేసి "తేడా లేదు" అని తేల్చిన థీసిస్‌లు ఎన్నో. తేడా లేదని కాదు, చూడటానికి కళ్లజోడు చాల్లేదంతే. స్టాటిస్టిక్స్ చెప్పే మనిషి కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో ఉంటారు, ఆయన దగ్గరికి డేటా పట్టుకుని చివర్లో కాకుండా ఖాళీ కాగితంతో మొదట్లోనే వెళ్లండి.

అలాగని సంఖ్య ఎక్కువైతే చాలదు. దీనికి మన హైదరాబాదే సాక్ష్యం. 1888, 1889లో నిజాం డబ్బుతో, ఆపరేషన్‌కు మత్తిచ్చే క్లోరోఫారం మీద కమిషన్లు నడిచాయి. నడిపింది ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్. క్లోరోఫారంతో చావొస్తే అది శ్వాస ఆగడం వల్లే, గుండె మీద నేరుగా పనిచేసి కాదని ఆయన నమ్మకం. ఎన్నో జంతువుల మీద ప్రయోగాలు చేశారు, రెండో కమిషన్‌కు లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు వచ్చారు, ఫలితాలు లాన్సెట్ అనే వైద్య జర్నల్లో వచ్చాయి. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు ఒక విషయం చూపించాడు: తక్కువ మత్తులో ఉండగా క్లోరోఫారం గుండె లయను తప్పించి ఉన్నట్టుండి ఆపేయగలదు. జవాబు ముందే మనసులో పెట్టుకుని ప్రశ్న అడిగితే అంత పెద్ద ప్రయోగం కూడా తప్పుదారి పట్టింది. ఉస్మానియాలో చదివే పీజీలకు ఈ కథ మొదటి క్లాసులోనే చెప్పాలంటాను.

ప్రోటోకాల్ తర్వాత ఎథిక్స్. మీరు మామూలుగా చేసే వైద్యాన్ని గమనించి రాసుకుంటున్నారా, లేక కొందరికి ఒకటి, కొందరికి మరొకటి ఇస్తున్నారా? రెండోదైతే అది ట్రయల్. మొదటి రోగిని చేర్చకముందే సీటీఆర్‌ఐలో, అంటే దేశంలోని ట్రయల్స్ రిజిస్ట్రీలో, నమోదు కావాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి, మొదలైపోయిన ట్రయల్‌ను వాళ్లు తీసుకోవడం లేదు. నమోదుకు రుసుమేమీ లేదు, ఓపికే కావాలి, ప్రశ్నలతో రెండు మూడుసార్లు తిప్పి పంపుతారు.

అంగీకార పత్రం తెలుగులో ఉండాలి. తెలుగు అంటే ఏ తెలుగు? ఒక పీజీ నాకు తెచ్చి చూపించింది: "శస్త్రచికిత్సానంతర క్షత స్థాన సంక్రమణమును అంచనా వేయుట". ఇదెవరికమ్మా, పంచాంగానికా అన్నాను. "ఆపరేషన్ కోసిన చోట చీము పడుతుందా లేదా అని నెలరోజులపాటు చూస్తాం. మీరు వద్దన్నా వైద్యంలో ఏ తేడా ఉండదు" అని మార్చాం. చదవలేనివారికి వినిపించి, మీ బృందంలో లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. వార్డులో పక్క మంచం అటెండెంట్ మంచి సాక్షి. తెలియకపోతే ఎదురు ప్రశ్న వేస్తాడు.

ఇక ఫాలోఅప్. కోతలో ఇన్ఫెక్షన్‌ను 30 రోజులదాకా లెక్కపెట్టాలి, పేషెంటు ఎనిమిదో రోజుకే ఇంటికెళ్తాడు. నా పీజీ రోజుల్లో నేను ఇక్కడే బోర్లా పడ్డాను. కేస్ షీట్‌లో ఉన్న నంబర్లన్నీ నమ్మకంగా రాసుకున్నాను. నెలకు ఫోన్ చేస్తే ఒకాయన, "సార్, నేను ఆటోవాణ్ని. ఆ రాత్రి మీ ఆసుపత్రిలో దింపాను, అక్కడెవరో నంబరడిగితే చెప్పా. ఆయన బాగున్నాడా?" అని నన్నే అడిగాడు. నా కేసుల్లో దాదాపు మూడోవంతు అలా గాల్లో కలిసిపోయాయి. అప్పటినుంచి నా పద్ధతి: మూడు నంబర్లు. పేషెంటుది, ఇంట్లో ఇంకొకరిది, ఊళ్లో ఆశా కార్యకర్తది. డిశ్చార్జి రోజు మంచం పక్కనే నిలబడి మూడింటికీ రింగిచ్చి చూడాలి.

డేటా రాసే మాస్టర్ చార్ట్ గురించి ఒక్క మాట. ఎక్సెల్‌లో ఒక వరస ఒక మనిషి, ఒక గడి ఒక సమాచారం. "ఉంది", "యస్", "ప్లస్" అని మూడు రకాలుగా రాస్తే చివర్న ఏడుపే. 1, 0 అని పెట్టండి. తెలియకపోతే ఖాళీ వదలండి, సున్నా పెట్టొద్దు. పేర్లు, ఐపీ నంబర్లు వేరే ఫైల్లో తాళం వేసి ఉంచండి. విశ్లేషణకు జమోవి, ఆర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి.

5. థీసిస్‌ను పేపర్ చేయడం

పరీక్ష అయిపోయిన మర్నాడే థీసిస్ అటకెక్కుతుంది. అటకెక్కకముందే, వంద పేజీలను మూడువేల మాటలకు దించండి. పుస్తకంలోంచి ఎత్తి రాసిన అనాటమీ అధ్యాయం మొత్తం పోతుంది, పోనివ్వండి. ముందు పట్టికలు తయారు చేసి, వాటి చుట్టూ ఫలితాలు రాసి, ఉపోద్ఘాతం చివర్న రాయండి. గమనించి రాసిన అధ్యయనానికి స్ట్రోబ్, ట్రయల్‌కు కన్సార్ట్ అనే చెక్‌లిస్టులున్నాయి, ఎడిటర్ చూసేది వాటినే. రిఫరెన్సులకు జొటెరో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. ఏఐని అడిగి రిఫరెన్సులు రాయిస్తే లోకంలో లేని పేపర్లు పుట్టుకొస్తాయి, ప్రతిదీ తెరిచి చూడండి.

రచయితల వరస ముందే మాట్లాడుకోవాలి. పని చేసిన పీజీ పేరు మొదట. పేరు కోసం హెచ్‌ఓడీని చేర్చడం మర్యాద అనుకుంటారు, అది మర్యాద కాదు. ఆయన రాతను చదివి, దిద్ది, తప్పొస్తే జవాబు చెప్పడానికి ఒప్పుకుంటేనే రచయిత.

"డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్" అంటూ మొదటి ఏడాది పీజీకి మెయిల్ వచ్చిందంటే అది దొంగ జర్నల్. వారంలో వేస్తాం, ఇంత పంపండి అంటుంది. పబ్‌మెడ్, స్కోపస్, డోజ్ లాంటి జర్నల్ జాబితాల్లో ఉందో లేదో వెతకండి. భారత సర్జన్ల సంఘం (ఏఎస్‌ఐ) జర్నల్ ఉంది, ఏటా జరిగే ఏఎస్‌ఐ సదస్సులోనూ, రాష్ట్ర శాఖ సదస్సులోనూ పేపర్ చదివి ప్రశ్నలు ఎదుర్కొన్నాక పంపితే తిరస్కారాలు తగ్గుతాయి. తగ్గుతాయంతే, ఆగవు.

6. సీనియర్ రెసిడెన్సీ తర్వాత

అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా 4 ఏళ్లు చేస్తే అసోసియేట్‌కు, అక్కడ 3 ఏళ్లు చేస్తే ప్రొఫెసర్‌కు అర్హత. ఎన్‌ఎంసీ 2022 నిబంధనల్లో అసోసియేట్‌కు రెండు ప్రచురణలు అడిగారు, మొదటి ముగ్గురు రచయితల్లో ఒకరిగానో కరస్పాండింగ్ ఆథర్‌గానో. బోధనా పద్ధతుల కోర్సు ఒకటి, పరిశోధన ప్రాథమిక కోర్సు ఒకటి కూడా పూర్తి చేయాలి. రెండోది ఐసీఎంఆర్ చెన్నై సంస్థ ఆన్‌లైన్‌లో నడుపుతుంది. దాన్ని ప్రమోషన్ కోసం కాకుండా పీజీ మొదటి ఏడాదిలోనే చేసేయండి, థీసిస్ దానంతటదే బాగుపడుతుంది. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక దరఖాస్తు వేళ తాజా గెజిట్ చూసుకోవాలి.

ఎంసీహెచ్ కావాలా? జనరల్ సర్జరీ ప్రొఫెసర్ కావడానికి ఎంఎస్ చాలు. ఒక అవయవం మీదే జీవితమంతా ప్రశ్నలు వేయాలనిపిస్తే ఎంసీహెచ్ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్‌ఎస్ రాయండి. నిమ్స్, స్విమ్స్, ఉస్మానియా దగ్గర్లోనే ఉన్నాయి. హోదా కోసమైతే మూడేళ్లు ఎక్కువ ధర.

అమెరికా వెళ్లిన మన పిల్లలు చెప్పేది వింటే కడుపు మండుతుంది. అక్కడ పెద్ద యూనివర్సిటీ రెసిడెన్సీల్లో అయిదేళ్ల శిక్షణ మధ్యలో ఒకటి రెండేళ్లు ఓటీ వదిలేసి పరిశోధనే చేస్తారు. ఇక్కడ ఆ సమయం ఎవరూ ఇవ్వరు, మనమే దొంగిలించుకోవాలి. నాకు బుధవారం ఓపీ తర్వాత రెండు గంటలు. ఫోన్ పీజీకిచ్చి లైబ్రరీ మూల కూర్చుంటాను. డబ్బు విషయానికొస్తే థీసిస్‌కు, చిన్న ప్రాజెక్టులకు ఐసీఎంఆర్ ఉంది. పెద్దవాటికి 2023 చట్టంతో వచ్చిన జాతీయ పరిశోధన నిధి సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ ఉంది. డీబీటీ వెల్కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, వైద్యులకూ ఫెలోషిప్‌లిస్తుంది. మొదటి దరఖాస్తు పోతుందనుకునే వేయండి.

7. ఒంటరిగా తేల్చలేనిది నలుగురితో తేల్చండి

పైన 240 మంది కావాలని వదిలేసిన ప్రశ్న గుర్తుందా? అలాంటివి ఇలా తేలతాయి. పొట్ట మూసేముందు గ్లౌజులు, పరికరాలు మార్చితే చీము తగ్గుతుందా అని చీతా అనే ట్రయల్ అడిగింది. ఇండియాతో సహా 7 దేశాలు, 81 ఆసుపత్రులు, 13,301 మంది రోగులు. మార్చనిచోట 18.9 శాతం, మార్చినచోట 16 శాతం. 2022లో లాన్సెట్‌లో వచ్చింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు, ఒక జత గ్లౌజులు, ఒక సెట్టు పరికరాలు. ఇలాంటి బృందాల్లో చేరడానికి ప్రొఫెసర్ కానక్కర్లేదు. ఫాలోఅప్ పోగొట్టుకోని యూనిట్ అన్న పేరుంటే చాలు, వాళ్లే అడుగుతారు.

8. రేపే చేయగల పని

30వ రోజు ఫోన్ ఎలా చేయాలో పీజీకి నేను నేర్పేది ఇది. మొదట ఊరు, తర్వాత పేరు. "అమ్మా, ఆసుపత్రి నుంచి డాక్టర్ని. పొట్ట ఆపరేషన్ అయింది కదా మీ ఆయనకి, ఎలా ఉన్నారు?" అని ఆగాలి. చీము మాట వెంటనే ఎత్తితే భయపడి "బాగుందండీ" అని పెట్టేస్తారు. అన్నం తింటున్నాడా, పనికి వెళ్తున్నాడా అని అడిగాక, "కుట్ల దగ్గర లుంగీకి, బనీనుకి తడి అంటుతోందా?" అనాలి. ఇప్పుడు సరైన జవాబొస్తుంది. తడి ఉందంటే, "రేపు పొద్దున రండి, చీటీ తీసుకుని లైన్లో నిలబడొద్దు, నేరుగా డ్రెస్సింగ్ రూముకొచ్చి నా పేరు చెప్పండి" అనాలి. వచ్చిన మనిషికి ముందు పుండు కడిగి, తర్వాత చార్టులో 1 వేయాలి.